ఉక్కు హక్కు ఏ సెక్షన్ కింద? విశాఖ వివాదాల మీదుగా చట్టం పునాదుల్లోకి

"విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు" అన్న మాట వినని తెలుగువాళ్లు ఉండరు. 1966లో ఆ మాట అంటూ సాగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలు కోల్పోయారు. 1970 ఏప్రిల్ 17న విశాఖలో ఉక్కు కర్మాగారం పెడుతున్నట్టు ప్రధాని ఇందిరా గాంధీ పార్లమెంటులో ప్రకటించారు. ఇదంతా అందరికీ తెలిసిన చరిత్రే. మరి ఆ హక్కు ఏ చట్టంలో ఉంది? ఏ సెక్షన్ కింద? రాజ్యాంగం మొదటి పేజీ నుంచి చివరి షెడ్యూలు దాకా తిరగేసినా ఆంధ్రులకు ఒక ఉక్కు కర్మాగారం ఉండాలని ఎక్కడా కనిపించదు.

అయితే అది ఉత్త నినాదమేనా? ఇంగ్లండులో పుట్టిన జెరెమీ బెంథామ్‌ను అడిగితే అవుననే అంటాడు. ఫ్రెంచి విప్లవం నాటి హక్కుల ప్రకటన చదివి, చట్టంతో పనిలేకుండా పుట్టుకతోనే వచ్చే హక్కులన్న మాటకు అర్థమే లేదని తీసిపారేసిన మనిషి ఆయన. కానీ 1966లో ఆ నినాదం చేసిన విద్యార్థికి చట్టంలో ఏముందో తెలియదనుకుంటే పొరపాటు. చట్టంలో లేదు కాబట్టే అతను రోడ్డెక్కాడు. చట్టం కంటే ముందే న్యాయం ఒకటి ఉంటుందని, చట్టం ఆలస్యంగానైనా దాని దగ్గరికి రావాలని అతని నమ్మకం.

2021 జనవరిలో ప్లాంటులో కేంద్రం వాటాను మొత్తం అమ్మడానికి కేంద్ర మంత్రివర్గ సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకున్నప్పుడు ఇదే చిక్కు మళ్లీ వచ్చింది. ఉద్యోగులు, నిర్వాసితులు "మా హక్కు" అన్నారు. ఢిల్లీ నుంచి వచ్చిన జవాబు వాటాలు ఎవరివి, నష్టాలు ఎంత అన్న లెక్కల్లో ఉంది. ఒకరు అడిగినదానికి మరొకరు జవాబు చెప్పడం లేదు. చట్టం గురించి మన ఊళ్లో, మన ఇళ్లలో జరిగే వాదనల్లో సగం ఇలాంటివే అని నాకనిపిస్తుంది. ఒకరు "ఇది ఎక్కడ రాసి ఉంది?" అని మాట్లాడుతుంటారు. ఇంకొకరు "ఇది ఎందుకోసం ఉంది?" అని. మూడోవారు "ఇది అన్యాయమైతే చట్టమెలా అవుతుంది?" అని. మూడూ వేర్వేరు ప్రశ్నలు. లా కాలేజీల్లో జ్యూరిస్‌ప్రుడెన్స్, అంటే చట్టం స్వభావాన్ని చర్చించే శాస్త్రం, అనే పేపరు ఈ మూడింటి చుట్టూనే తిరుగుతుంది. ఆంధ్రా యూనివర్సిటీలోనైనా, సబ్బవరం లా యూనివర్సిటీలోనైనా పిల్లలకు టెన్షన్ పెట్టే పేపరే అది. పేర్లు, సిద్ధాంతాలు బట్టీపడితే టెన్షనే మరి. ఊళ్లో వివాదాలు పక్కన పెట్టుకుని చదివితే అంత కొరుకుడుపడని విషయమేమీ కాదు.

హక్కు సంగతి ముగించే ముందు ఒక్క మాట. అమెరికా ప్రొఫెసర్ వెస్లీ హోఫెల్డ్ 1913లో ఒక చిన్న పరీక్ష చెప్పాడు. నాకు హక్కు ఉందంటే దానికి ఎదురుగా ఇంకెవరికో ఒక బాధ్యత ఉండాలి. ఆ ఇంకెవరు ఎవరో చూపించలేకపోతే నేను హక్కు అంటున్నది ఇంకేదో అయి ఉంటుంది: కోరిక, డిమాండు, న్యాయమైన ఆశ. ప్లాంటు కోసం భూములిచ్చిన కుటుంబాలు ఆర్ కార్డు (నిర్వాసితులకిచ్చిన పునరావాస కార్డు) చూపించి ఉద్యోగం అడుగుతున్నప్పుడు, ఇస్తామన్నదెవరో, ఎవరికి అన్నారో వేలుపెట్టి చూపించగలరు. "ఆంధ్రుల హక్కు" అన్నప్పుడు అలా చూపించలేం. రెండో మాటకు నైతిక బలం తక్కువని దీని అర్థం కాదు. కోర్టులో మొదటి మాటకు చెవి దొరుకుతుంది, రెండోదానికి వీధిలో దొరుకుతుంది. అంతే తేడా.

ఎవరు చెబితే చట్టం?

చట్టం అంటే పార్లమెంటు, అసెంబ్లీ చేసేది అని చిన్నప్పటి నుంచీ చదువుకున్నాం. అది నిజంలో ఒక ముక్క మాత్రమే. సాగర్‌నగర్ వైపు సముద్రానికి ఎదురుగా ఒకాయనకు స్థలం ఉందనుకుందాం. ఇల్లు కట్టాలంటే ముందు నగరపాలక సంస్థ ప్లాను అడుగుతుంది. ఆ తర్వాత సీఆర్‌జెడ్ అడ్డం వస్తుంది. ఈ కోస్తా నియంత్రణ నిబంధనలు మొదట 1991లో వచ్చాయి, 2011లో మారాయి, 2019లో మళ్లీ మారాయి. ఇవి పార్లమెంటులో ఓటింగు జరిగి వచ్చినవి కావు. కేంద్ర పర్యావరణ శాఖ ఇచ్చిన నోటిఫికేషన్లు. మరి ఒక శాఖ రాసిన కాగితానికి మన స్థలంలో మనల్ని ఆపే అధికారం ఎక్కడిది? 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం ఇచ్చింది. ఆ చట్టం చేసే అధికారం పార్లమెంటుకు ఎక్కడిది? 1972లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి సదస్సు నిర్ణయాలను అమలు చేయడానికి అని ఆ చట్టమే చెప్పుకుంటుంది. అంతర్జాతీయ నిర్ణయాల అమలుకు చట్టం చేసే అధికారం రాజ్యాంగం 253వ అధికరణలో ఉంది. సాగర్‌నగర్ స్థలానికీ స్టాక్‌హోమ్‌కూ మధ్య ఇంత దారి ఉంది.

ప్రతి నియమం తన అధికారాన్ని పైనున్న నియమం నుంచి అరువు తెచ్చుకుంటుందన్నది ఆస్ట్రియాకు చెందిన హన్స్ కెల్సెన్ చెప్పిన మాట. పైపైకి వెళ్తే ఒకచోట ఆగాల్సిందే. అక్కడున్న మూల నియమాన్ని ఎవరూ నిరూపించలేరని, అది ఉందనుకుని ముందుకు సాగడమేనని ఆయన అన్నాడు. మన దగ్గర ఆ పైన ఉన్నది రాజ్యాంగం. ఇక్కడొక తమాషా ఉంది. రాజ్యాంగం రాసిన సభకు పూర్తి అధికారం కట్టబెట్టింది బ్రిటిష్ పార్లమెంటు చేసిన 1947 నాటి భారత స్వాతంత్ర్య చట్టం. మన రాజ్యాంగం తన చిట్టచివరి అధికరణలో, అంటే 395లో, సరిగ్గా ఆ చట్టాన్నే రద్దు చేసింది. కూర్చున్న కొమ్మను నరుక్కుంది, అయినా కింద పడలేదు. అది నిలబడింది ప్రజలు ఒప్పుకోవడం వల్ల. రాజ్యాంగం పీఠికలో "భారత ప్రజలమైన మేము" అన్న మాటకు ఉన్న బరువు అదే.

పై నుంచి వచ్చే చట్టం ఇలా ఉంటే, కింది నుంచి వచ్చేది ఆచారం. ఇందులో మనవాళ్లకు బాగా తెలిసిన ఉదాహరణ మేనరికం. 1955 నాటి హిందూ వివాహ చట్టం చదివితే మేనమామ, మేనకోడలు పెళ్లి చేసుకోకూడదు. అన్నాచెల్లెళ్ల పిల్లలు, అంటే మన వరసలో బావామరదళ్లు, వాళ్లూ చేసుకోకూడదు. చేసుకుంటే ఆ పెళ్లి చెల్లదు, పైగా శిక్ష కూడా ఉంది. కానీ అదే సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది: ఇరువైపులా ఆచారం ఒప్పుకుంటే తప్ప. ఆ చిన్న మినహాయింపు మీద గాజువాక నుంచి గుంటూరు దాకా ఎన్నో కాపురాలు చట్టబద్ధంగా నిలబడి ఉన్నాయి. ఆ ఆచారం లేని ఉత్తరాది కుటుంబాల్లో అదే పెళ్లి చెల్లదు. దేశం ఒకటే, చట్టం ఒకటే, సెక్షన్ ఒకటే. జన్యు సమస్యల గురించి డాక్టర్లు చెప్పేది వేరే చర్చ. చట్టం మాత్రం ఇక్కడ తన మాటను పక్కన పెట్టి ఊరి మాట వింది.

ప్రతి అలవాటూ ఆచారం అయిపోదు. చాలాకాలంగా, తెగకుండా, ఒకే తీరున పాటిస్తూ ఉండాలి. ఏమిటో స్పష్టంగా ఉండాలి. అసమంజసంగా ఉండకూడదు, ప్రజాహితానికి విరుద్ధంగా ఉండకూడదు. 1868లో మదురై కలెక్టరు కేసులో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ (అప్పట్లో మనకు చివరి అప్పీలు కోర్టు), హిందూ ధర్మం కింద ఆచారానికి స్పష్టమైన రుజువు ఉంటే అది శాస్త్ర వాక్యాన్ని కూడా మించుతుందని చెప్పింది. స్వాతంత్ర్యం తర్వాత 13వ అధికరణ దీనికి ఒక కంచె వేసింది: చట్టంలా చలామణి అయ్యే ఆచారమైనా ప్రాథమిక హక్కులకు అడ్డం వస్తే చెల్లదు. కులం పేరుతో వెలివేయడం ఎంత పాతదైనా చట్టం ముందు నిలవకపోవడానికి ఇదొక కారణం.

జాలరిపేటల్లో ఇప్పటికీ కులపెద్దల మాటకు విలువుంది. వేటకు ఎప్పుడు వెళ్లాలి, తగవొస్తే ఎవరు తీర్చాలి అన్నవి కట్టుబాటు ప్రకారం నడుస్తాయి. పెద్దల మాట తమ పేటవరకే చెల్లుతుంది. రెండు పేటల మధ్య తగవొస్తే ఏమవుతుందో చేపల గుంపును చుట్టేసి పట్టే రింగు వలల గొడవలో విశాఖ చూసింది. 1994 నాటి రాష్ట్ర సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం ఉంది, తీరానికి దగ్గర జలాలు సంప్రదాయ వేటగాళ్లకన్న నియమం ఉంది, అయినా 2022 జనవరిలో పడవలు తగలబడే దాకా వెళ్లింది. కట్టుబాటు చాలని చోట చట్టం రావాలి. చట్టం వచ్చినా అమలు చేసేవాడు సముద్రంలో ఉండాలి కదా.

ఇక జడ్జీలు. ప్రైవేటు ఆఫీసులో పనిచేసే ఏ అమ్మాయిని అడిగినా "విశాఖ గైడ్‌లైన్స్" అన్న మాట తెలుసు. అవి మన ఊరి కేసులోవని అనుకునేవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు. కావు. విశాఖ అన్నది రాజస్థాన్ కేసులో కోర్టుకెక్కిన ఒక మహిళా సంస్థ పేరు. 1997 ఆగస్టు 13న ఆ కేసులో సుప్రీంకోర్టు చేసిన పని ఆషామాషీది కాదు. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద అప్పటికి చట్టం లేదు. భారతదేశం సంతకం చేసిన ఒక అంతర్జాతీయ ఒప్పందాన్ని తోడు తెచ్చుకుని, చట్టం వచ్చేదాకా ఇవే చట్టం అంటూ మార్గదర్శకాలు ఇచ్చింది. పార్లమెంటు చట్టం చేసేసరికి 2013 వచ్చింది. పదహారేళ్ల పాటు ఈ దేశంలో ఉద్యోగం చేసే ఆడవాళ్లకు రక్షణగా ఉన్న చట్టాన్ని ఏ చట్టసభా చేయలేదు. జడ్జీలు చట్టం చేయరు, ఉన్నదాన్ని వివరిస్తారంతే అని పాఠాల్లో చెప్పే మాట నాకెప్పుడూ మింగుడుపడకపోవడానికి ఈ కేసే కారణం.

ఎందుకు ఉన్నట్టు?

చట్టం ప్రయోజనాలు చెప్పమంటే శాంతిభద్రతలు, న్యాయం, హక్కుల రక్షణ, సామాజిక మార్పు అని గబగబా అప్పజెప్పేస్తాం. ఆ జాబితాతో నాకు పేచీ లేదు. అవి ఒకదాంతో ఒకటి పోట్లాడుకుంటాయన్న సంగతి ఆ జాబితా చెప్పదు, అదే నా ఇబ్బంది.

మన తీరం నుంచే ఒక పాత ఉదాహరణ. విశాఖకు దక్షిణంగా ఇదే కోస్తాలో మోటుపల్లి రేవు. 1244లో కాకతీయ గణపతిదేవుడు అక్కడ అభయ శాసనం వేయించాడు. అంతకుముందు రాజులు తుపానుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా లాగేసుకునేవారు. తాను న్యాయంగా రావాల్సిన సుంకం మాత్రమే తీసుకుంటానని, మిగతాది వర్తకులకే వదిలేస్తానని ఆయన రాయించాడు. ఇందులో దయ ఎంతుందో గానీ తెలివి చాలా ఉంది. రేపు ఏం జరుగుతుందో వర్తకుడికి ముందే తెలిస్తేనే ఓడ ఈ రేవుకు వస్తుంది. చట్టం ఇచ్చే మొట్టమొదటి మేలు ఈ నిశ్చింత. రాజు మంచివాడా కాడా అన్నది ఆ తర్వాతి మాట. అందుకే ఆ హామీని రాతి మీద చెక్కించాడు.

జర్మన్ న్యాయవేత్త గుస్తావ్ రాడ్‌బ్రుక్ చట్టం అనే ఊహలో మూడు విలువలు ఉంటాయన్నాడు: నిశ్చయత, న్యాయం, ప్రయోజనం. మూడూ ఒకే దిక్కుకు లాగితే గొడవే లేదు. సింహాచలం పంచగ్రామాల సమస్య చూడండి. అడివివరం, వేపగుంట లాంటి ఐదు ఊళ్లలో వేలాది ఇళ్లున్న భూమి దేవస్థానానిదని రికార్డు. మన చట్టం దృష్టిలో దేవుడు ఆస్తి కలిగి ఉండగల వ్యక్తి. సింహాద్రి అప్పన్న దావా వేయగలడు, ఆయన మీద వేయవచ్చు, ఆయన ఆస్తిని ఎవరైనా కాజేస్తే అడిగేవాళ్లుంటారు. రికార్డును నమ్మకపోతే ఇక ఎవరి పట్టాకూ విలువ ఉండదు, అది నిశ్చయత వైపు వాదన. తరతరాలుగా ఉంటున్నాం, పన్నులు కట్టాం, ఇప్పుడు ఇంటికి మరమ్మతు చేసుకుందామన్నా అడ్డం పడితే ఎక్కడికి పోతాం, అది న్యాయం వైపు వాదన. డబ్బు కట్టించుకునో, వేరే భూమి ఇచ్చో క్రమబద్ధీకరించి ఊరిని ముందుకు నడిపించాలి, అది ప్రయోజనం వైపు. ప్రభుత్వాలు మారుతున్నాయి, ప్రతి ఎన్నికలో హామీ వస్తోంది, సమస్య కోర్టుల్లో నలుగుతూనే ఉంది. పరిష్కారం నా దగ్గర లేదు. మూడు వైపుల వాళ్లూ "చట్టప్రకారం చేయండి" అనే అంటున్నారని మాత్రం గమనించాలి.

గ్యాస్ లీక్ కేసులో ఈ పోట్లాట ఇంకా సూక్ష్మంగా కనిపిస్తుంది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ప్లాంటు నుంచి స్టైరీన్ ఆవిరి బయటికొచ్చి 12 మంది చనిపోయారు. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. చనిపోయినవాళ్ల కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయల చొప్పున ఎక్స్‌గ్రేషియా ప్రకటించింది. జాతీయ హరిత ట్రిబ్యునల్ తనంతట తానే కేసు తీసుకుని, మర్నాడే కంపెనీని 50 కోట్ల రూపాయలు డిపాజిట్ చేయమంది. డబ్బు రెండుచోట్లా డబ్బే. కానీ ఎక్స్‌గ్రేషియా ప్రభుత్వం దయతలచి ఇచ్చేది. పరిహారం తప్పుకు బాధ్యుడు కట్టాల్సింది. మొదటిది ఇవ్వకపోయినా కోర్టుకెళ్లి అడగలేరు, రెండోది అడగొచ్చు.

ట్రిబ్యునల్ తన మొదటి ఉత్తర్వులో "స్ట్రిక్ట్ లయబిలిటీ" అన్న మాట వాడింది. న్యాయవేత్తలు వెంటనే అభ్యంతరం చెప్పారు. పేరులో ఏముందిలే అనిపిస్తుంది గానీ, ఉంది. స్ట్రిక్ట్ లయబిలిటీ 1868లో ఇంగ్లండులో ఒక మిల్లు యజమాని తవ్వించిన చెరువు పక్కవాడి గనిలోకి పొర్లిన కేసులో పుట్టింది. ప్రమాదకరమైనది తెచ్చిపెట్టుకుంటే నిర్లక్ష్యం లేకపోయినా బాధ్యత నీదే అంటుంది. కానీ దైవికమనో, మూడో మనిషి చేశాడనో తప్పించుకునే దారులు దానికి ఉన్నాయి. 1985 డిసెంబరులో ఢిల్లీలో ఓలియం గ్యాస్ లీకైన కేసులో జస్టిస్ పి.ఎన్. భగవతి నాయకత్వంలోని ధర్మాసనం ఆ దారులన్నీ మూసేసింది. ప్రమాదకర పరిశ్రమ పెట్టి లాభం తీసుకుంటున్నవాడు జరిగిన నష్టానికి మినహాయింపులు లేకుండా పూర్తి బాధ్యుడు, కంపెనీ ఎంత పెద్దదైతే పరిహారం అంత పెద్దది అంది. ఆ లీకు నాటికి భోపాల్ జరిగి ఏడాదే. ఇదే అబ్సొల్యూట్ లయబిలిటీ, అంటే సంపూర్ణ బాధ్యత. ఇంగ్లండు సూత్రం రాసినవాళ్ల మనసులో పొలం గట్టు తగాదా ఉంది. మన కోర్టు మనసులో ఊపిరాడక వీధుల్లో పడిపోయిన జనం ఉన్నారు. ప్రయోజనం మారింది కాబట్టి నియమం మారింది. ట్రిబ్యునల్ కూడా తర్వాతి ఉత్తర్వులో సంపూర్ణ బాధ్యతే వర్తిస్తుందని సరిచేసుకుంది.

అసలు ఎవరూ పిటిషన్ వేయకుండా ట్రిబ్యునల్ తానే కేసు ఎలా తీసుకుంది? 2010 నాటి దాని చట్టంలో ఆ మాట ఎక్కడా లేదు. ఈ వివాదం వేరే కేసులో సుప్రీంకోర్టుకు వెళ్లింది. ట్రిబ్యునల్ ఏ పని కోసం పుట్టిందో ఆ పనికి ఈ అధికారం అవసరం, కాబట్టి ఉన్నట్టే అని 2021 అక్టోబరులో కోర్టు తేల్చింది. ప్రయోజనం వెనక్కి తిరిగి మూలాన్నే సృష్టించడం అంటే ఇదే.

జలాంతర్గామి వాహనమేనా?

ఇప్పటిదాకా చెప్పినదంతా కాసేపు పక్కనపెట్టి, అసలు చట్టం అంటే ఏమిటని అడిగితే అన్నిటికన్నా తేలిక జవాబు జాన్ ఆస్టిన్ 1832లో ఇచ్చాడు. పైవాడి ఆజ్ఞ, వినకపోతే శిక్ష. అయిపోయింది. మద్దిలపాలెం జంక్షన్‌లో పోలీసు కనిపించగానే ట్యాంకు మీదున్న హెల్మెట్ తలకెక్కించే కుర్రాడికి చట్టం అంటే అదే, వెయ్యి రూపాయల ఫైను. ఇలాంటి మనిషి కళ్లతో చూస్తేనే చట్టం అసలు రూపు తెలుస్తుందని అమెరికా జడ్జి హోమ్స్ 1897లో అన్నాడు. ఆయన అతనికి చెడ్డ మనిషి అని పేరు కూడా పెట్టాడు. పాపం, మన కుర్రాడు అంత చెడ్డవాడేమీ కాదు.

ఆస్టిన్ చెప్పినదాన్ని ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్ హెచ్.ఎల్.ఎ. హార్ట్ ఒక్క ప్రశ్నతో కదిలించాడు. తుపాకీ చూపించి డబ్బు తీయమన్న దొంగదీ ఆజ్ఞే, శిక్ష భయమూ ఉంది. మరి దొంగకూ ప్రభుత్వానికీ తేడా ఏమిటి? దొంగ మాట వినక తప్పదు కాబట్టి వింటాం. చట్టం మాట వినాలి అనుకుంటాం, వినని వాణ్ని తప్పుపడతాం. అందరూ కాకపోయినా, కనీసం జడ్జీలు, అధికారులు నియమాలను అలా లోపలి నుంచి ఒప్పుకుంటేనే అది చట్టవ్యవస్థ అవుతుంది. బండి వెనక కూర్చున్నవాళ్లూ హెల్మెట్ పెట్టుకోవాలని 2024 సెప్టెంబరు నుంచి విశాఖ పోలీసులు గట్టిగా పట్టుబట్టారు. మోటారు వాహనాల చట్టంలో ఆ నియమం అంతకు చాలా ముందే ఉంది. కాగితం మీద ఉన్న నియమం నిజంగా నియమం అయ్యింది ఎప్పుడు? ఆస్టిన్ ఒకటి చెబుతాడు, హోమ్స్ ఇంకొకటి, హార్ట్ మరొకటి.

దీనికి ఎదురు ఒడ్డున సహజ న్యాయ సిద్ధాంతం ఉంది. అన్యాయమైన చట్టం చట్టమే కాదు అన్నది దాని పాత మాట. నాజీల కాలం చూశాక రాడ్‌బ్రుక్ 1946లో దీన్ని కొంచెం తగ్గించి చెప్పాడు: మామూలు అన్యాయమైతే చట్టానికే కట్టుబడాలి, భరించలేనంత అన్యాయమైతే అది చట్టం హోదానే పోగొట్టుకుంటుంది. మనకు నాజీల దాకా వెళ్లాల్సిన పనిలేదు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం మన్యంలో పోడు మీద ఆంక్షలు పెట్టింది. ఆ చట్టం ప్రకారం తాతల నాటి వ్యవసాయం నేరమైంది. 1922 ఆగస్టులో చింతపల్లి పోలీసు స్టేషను మీద పడ్డ అల్లూరి సీతారామరాజు ఆనాటి చట్టం ముందు నేరస్థుడు. 2022లో పాడేరు కేంద్రంగా ఏర్పడిన జిల్లాకు ఆయన పేరే పెట్టారు. చట్టం అంటే ఆజ్ఞే అనేవాళ్లు దీన్ని వివరించడానికి కాస్త తడబడతారు.

ఎమర్జెన్సీలో ఈ రెండు ఆలోచనలూ మన సుప్రీంకోర్టులోనే ఢీకొన్నాయి. అరెస్టయిన మనిషి కోర్టుకు రావచ్చా అన్నది ప్రశ్న. 1976 ఏప్రిల్ 28న నలుగురు జడ్జీలు కుదరదన్నారు. 21వ అధికరణ సస్పెండయింది కాబట్టి ప్రాణానికి, స్వేచ్ఛకు రక్షణ కోరే దారి లేదన్నది వాళ్ల తర్కం. జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే ఒప్పుకోలేదు. మనిషి ప్రాణం రాజ్యాంగం రాసిన కాగితం నుంచి పుట్టింది కాదని, ఆ కాగితం లేకపోయినా చట్టం అండ లేకుండా ప్రాణం తీసే అధికారం ప్రభుత్వానికి ఉండదని ఆయన వాదన. 2017లో గోప్యత కేసులో తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం ఆ నలుగురి తీర్పును కొట్టేసింది.

హార్ట్‌కు, అమెరికా ప్రొఫెసర్ లాన్ ఫుల్లర్‌కు 1958లో జరిగిన వాదనలోని ఒక ఉదాహరణ విశాఖవాళ్లకు ప్రత్యేకంగా అర్థమవుతుంది. పార్కులోకి వాహనాలు రాకూడదని నియమం. కారు వాహనమే, అనుమానం లేదు. మరి సైకిలు? స్కేట్లు? ప్రతి నియమానికీ ఇలా స్పష్టంగా ఉండే నడిమి భాగం, మసకగా ఉండే అంచులు ఉంటాయని, అంచుల్లో జడ్జి తన విచక్షణ వాడక తప్పదని హార్ట్ అన్నాడు. యుద్ధంలో వాడిన, ఇప్పటికీ నడిచే ఒక ట్రక్కును స్మారకంగా పార్కులో నిలబెడితే ఏమంటారని ఫుల్లర్ అడిగాడు. అది నూటికి నూరుపాళ్లూ వాహనమే, అయినా నియమం దాని గురించి కాదని చిన్నపిల్లాడికి కూడా తెలుస్తుంది. అంటే నియమం ఎందుకు పుట్టిందో చూడకుండా అందులోని మాటకు అర్థం చెప్పలేం. వాళ్లకు ఊహించుకోవాల్సి వచ్చింది గానీ, మనకు ఆ అవసరం లేదు. పొద్దున్నే వాకింగ్ చేసేవాళ్ల కోసం వాహనాలను ఆపేసే మన బీచ్ రోడ్డులోనే, 1969లో నౌకాదళంలో చేరి 2001లో పదవీవిరమణ చేసిన ఐఎన్ఎస్ కుర్సురా జలాంతర్గామి ఉంది. దానికి ఎదురుగా టీయూ-142 యుద్ధవిమానం ఉంది. వాటిని తీసేయమని ఏ ట్రాఫిక్ కానిస్టేబులూ అనడు.

ఇది నవ్వుకోవడానికి చెప్పే ఉదాహరణలా ఉంటుంది. సరిగ్గా ఇదే ప్రశ్న మీద ఒకసారి మన్యం భవిష్యత్తు ఆధారపడింది. దానికి కాస్త వెనక్కి వెళ్లాలి. 1839లోనే ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం ఒక చట్టం చేసి గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తీసేసి కలెక్టరు చేతికి ఏజెంటు హోదాలో అప్పగించింది. ఇప్పటికీ మనం వాడే ఏజెన్సీ అన్న పేరు అలా వచ్చిందే. ఒకే ఊళ్లో ఉన్న ఒకే అధికారి మైదానానికి ఒక చట్టం, కొండకు ఇంకో చట్టం నడిపాడు. స్వాతంత్ర్యం తర్వాత ఆ ఏర్పాటు ఐదో షెడ్యూలు రూపంలో రాజ్యాంగంలోకి వచ్చింది. ఉద్దేశం మాత్రం తలకిందులైంది. పాలకుల సౌకర్యం కోసం పుట్టినది గిరిజనుల రక్షణ కోసం మిగిలింది. దాని కిందే 1959లో భూబదిలీ రెగ్యులేషన్, 1970లో దానికి సవరణ. జనం 1/70 చట్టం అనేది దీన్నే. ఏజెన్సీలో "ఒక వ్యక్తి" తన భూమిని గిరిజనుడికో, గిరిజనుల సహకార సంఘానికో తప్ప మరెవరికి బదిలీ చేసినా చెల్లదు.

అనంతగిరి మండలంలో, బొర్రా చుట్టుపక్కల, రాష్ట్ర ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలకు ఖనిజ లీజులు ఇచ్చింది. సమత అనే సంస్థ కోర్టుకెళ్లింది. ప్రభుత్వ భూమిని ప్రభుత్వం లీజుకిస్తే అది "ఒక వ్యక్తి" చేసిన బదిలీ అవుతుందా? నిఘంటువు చూస్తే ప్రభుత్వం వ్యక్తి కాదు. 1997 జులై 11న, విశాఖ తీర్పుకు నెల ముందు, సుప్రీంకోర్టు ఇద్దరు ఒకవైపు, ఒకరు ఒకవైపుగా తీర్పిచ్చింది. గిరిజనుల భూమి వాళ్ల చేతుల్లోనే ఉండాలన్నది రెగ్యులేషన్ ఉద్దేశమైతే, మనుషులందరికీ తలుపు మూసి ప్రభుత్వానికి దొడ్డిదారి వదలడం ఆ ఉద్దేశాన్నే చంపేస్తుంది, కాబట్టి ప్రభుత్వమూ వ్యక్తే అని జస్టిస్ కె. రామస్వామి, జస్టిస్ సగీర్ అహ్మద్ అన్నారు. లీజులు చెల్లవన్నారు. జస్టిస్ జి.బి. పట్నాయక్ ఒప్పుకోలేదు. ఆ మాటలో ప్రభుత్వం రాదన్నారు. నాకు మెజారిటీ తీర్పే సరైనదనిపిస్తుంది. అయినా పట్నాయక్ భిన్నాభిప్రాయాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. రాసిన మాటను దాటి ఉద్దేశాన్ని వెతకడం మొదలుపెడితే, రేపు ఇంకో జడ్జి మనకు నచ్చని ఉద్దేశాన్ని కూడా వెతకగలడు.

2001లో బాల్కో అనే అల్యూమినియం కంపెనీ కేసులో మరో ముగ్గురు జడ్జిల ధర్మాసనం సమత మెజారిటీ తీర్పు మీద తమకు గట్టి అనుమానాలున్నాయని రాసింది. కానీ ఆ కేసు మధ్యప్రదేశ్ చట్టం కింద వచ్చింది, అందులో 1/70 లాంటి నిషేధం లేదని చెప్పి సమతను ముట్టుకోకుండా వదిలేసింది. ఆ అనుమానం అలాగే ఉంది, తీర్పూ అలాగే ఉంది.

2025 ఫిబ్రవరిలో పర్యాటకం కోసం 1/70ను సవరిస్తారన్న మాట బయటికి రాగానే మన్యంలో రెండు రోజుల బంద్ జరిగింది. సవరించే ఆలోచన లేదని ప్రభుత్వం చెప్పుకోవాల్సి వచ్చింది. ఎప్పుడైనా ఆ ఆలోచన నిజంగా వస్తే దారి ఐదో షెడ్యూలులోనే ఉంది. రెగ్యులేషన్ చేసేది గవర్నరు, దానికి రాష్ట్రపతి ఆమోదం కావాలి. అంతకన్నా ముందు గిరిజన సలహా మండలిని సంప్రదించాలి. ఆ మండలిలో దాదాపు నాలుగింట మూడొంతుల మంది గిరిజన ఎమ్మెల్యేలే ఉండాలని కూడా షెడ్యూలు చెబుతుంది. సంప్రదించాక మండలి వద్దంటే గవర్నరు ఆగాలా, విన్నానని చెప్పి ముందుకెళ్లొచ్చా అన్నది మాత్రం ఆ పేరాలో రాసి లేదు.